కిర్గిలేయ్ ఇంజను ఆపిన సాయంత్రం

ఏటా అక్టోబరులో, నది గడ్డకట్టే వారంలో, కిర్గిలేయ్ తన వ్యానును స్టార్టు చేస్తాడు. మే నెలలో, మంచు పగిలి నీళ్ళు కదిలే వారంలో, దాన్ని ఆపుతాడు. ఈ రెంటికీ నడుమ ఉన్న కాలాన్ని ఊళ్ళో అందరూ చలికాలం అంటారు. కిర్గిలేయ్ భార్య ఒగ్దో మాత్రం మోతకాలం అంటుంది. పగలంతా ఆ వ్యాను జనాన్ని ఎక్కించుకుని గడ్డకట్టిన నది మీద తిరుగుతుంది. రాత్రి పడకగది కిటికీ కింద నిలబడి, మందపాటి బొంత కప్పుకుని, ముసలి ఆవులా గురక పెడుతుంది. పెళ్ళయిన మొదటి చలికాలం ఒగ్దో చెవుల మీద దిండు పెట్టుకుని పడుకుంది. రెండో చలికాలం రెండు దిండ్లు పెట్టుకుంది. ఆ తర్వాత దిండ్లు మానేసింది. అలవాటయిందా అని ఎవరైనా అడిగితే, లేదు, దిండ్లు పాతబడ్డాయి అంటుంది.

పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెకు నాలుగు చక్రాలు తగిలించినట్టు ఉంటుంది ఆ వ్యాను. అందుకే ఆ దేశంలో అందరూ దాన్ని రొట్టె అనే అంటారు. మిగతా వాళ్ళూ చలికాలంలో పగలు ఇంజన్లు ఆపరు. కానీ వాళ్ళు ఊరి చివర పొయ్యి ఉన్న షెడ్లు కట్టుకున్నారు, రాత్రికి బండిని లోపల పెట్టి ఆపుతారు. కిర్గిలేయ్ షెడ్డు కట్టలేదు. షెడ్డంటే బండి ఆగే చోటు, ఆగని బండికి షెడ్డు దేనికి అన్నది అతని వాదన. ఆ వాదనలో తప్పెక్కడుందో ఊళ్ళో ఎవరూ చెప్పలేకపోయారు. ఒప్పు ఎక్కడుందో కూడా చెప్పలేకపోయారు.

కిర్గిలేయ్ ఎడమచేతికి చివరి రెండు వేళ్ళూ సగం వరకే ఉంటాయి. వయసులో ఉండగా ఒక జనవరి నెలలో, అడవి దారిలో, అరువు తెచ్చుకున్న జీపు ఇంజను ఆగిపోయింది. అతను నడిచి ఊరు చేరాడు. వేళ్ళు మొత్తంగా చేరలేదు. అవి ఏమయ్యాయని ఎవరైనా అడిగితే, "ఇంజను ఆగింది," అంటాడు. అడిగినవాళ్ళకు అది జవాబులా అనిపించదు గానీ మళ్ళీ అడగరు.

ఆ సంవత్సరం అక్టోబరులో స్టార్టు చేసినప్పుడు స్టార్టరు ఒక్కసారి మూలిగి, కొంచెం పొగ వదిలి, తన పని ముగించుకుంది. ఇంజను మాత్రం లేచింది. ట్రాక్టర్లు బాగుచేసే మనిషి వచ్చి కింద దూరి చూసి, ఆ స్టార్టరు ఇక తిరగదని, పైగా ఇంజను కూడా నడుస్తోంది కాబట్టే నడుస్తోందని, ఒకసారి చల్లబడితే మళ్ళీ లేస్తుందని తాను మాటివ్వలేనని చెప్పాడు. కిర్గిలేయ్ అతనికి టీ ఇచ్చి, మే నెలలో చూద్దామన్నాడు. స్టార్టయిపోయిన బండికి స్టార్టరుతో ఏం పని? ముందువైపు హ్యాండిలు పెట్టి ఇంజనును చేత్తో తిప్పి లేపడానికి ఒక రంధ్రం ఉంది. ఆ హ్యాండిలు పోయినేడాది నుంచి ఆవుల కొట్టం తలుపుకు అడ్డుగా ఉంటోంది. అది తీస్తే తలుపు మూసుకోదని ఒగ్దో చెప్పింది. తలుపు మూసుకోకపోతే ఆవులు ఉండవు. కాబట్టి అది అక్కడే ఉంది.

ఆ ఇంజను ఆగిపోతే ఏమవుతుందో కిర్గిలేయ్‌కు బాగా తెలుసు. బావమరిది మెహేలె ఊళ్ళో ఇళ్ళను వెచ్చగా ఉంచే వేడినీళ్ళ బాయిలరుకు పెద్ద. ఏటా ఆకులు రాలగానే వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఒకటే మాట అంటాడు.

"బావా, ఈ డొక్కు అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్యి. మేమూ మే నెల దాకా నిప్పు ఆర్పం. నీకు పుట్టింటికి వచ్చినట్టుంటుంది."

"నీ బాయిలరు ఎక్కడికైనా వెళ్తుందా?" అంటాడు కిర్గిలేయ్.

"ఎక్కడికి వెళ్తుంది?"

"మరి నేనెందుకు రావాలి?"

అక్కడితో ఆ సంవత్సరానికి ఆ సంభాషణ అయిపోతుంది.

నదికి పటంలో ఒక పేరుంది. ఒడ్డున ఉండేవాళ్ళెవరూ ఆ పేరు పలకరు. అవ్వ అంటారు. పెద్దవాళ్ళను పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? అవ్వ మీద నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడరు, గొప్పలు చెప్పరు, మునగడం, విరగడం, దిగబడడం లాంటి మాటలు నోట రానివ్వరు. ఒడ్డు దిగే ముందు ప్రతి బండీ ఆగుతుంది. మనిషి దిగి ఒక అట్టును మంచు మీద పెట్టి, వెళ్ళొస్తామని చెప్పి, మళ్ళీ ఎక్కుతాడు. చెప్పులిప్పి గడప దాటినంత మామూలుగా జరుగుతుంది ఇదంతా.

జనవరి చివర్లో ఒక ఉదయం కిర్గిలేయ్ అవతలి ఒడ్డు సంతకు బయలుదేరాడు. ఆ రోజు ఎక్కింది ఒక్కరే, బలాగియా అనే ముసలమ్మ. ఒడిలో మనవరాలి కోసం గడ్డకట్టిన చేపల గోనె, ఒంటి మీద ఒకదాని మీద ఒకటిగా మూడు కోట్లు. ఊరి పొగగొట్టాల పొగలు నిటారుగా స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. సూర్యుడు గడ్డకట్టిన పచ్చసొనలా కొండ అంచున ఆగి, పైకి రావాలా వద్దా అని చూస్తున్నాడు. ముందురోజు ఒగ్దో దగ్గర ఆవు ఈనింది. అందుకని అట్లు తొందరలో వేసింది. కిర్గిలేయ్ ఒడ్డున ఒకటి పెట్టి వచ్చి కూర్చోగానే ముసలమ్మ ముక్కు ఎగబీల్చింది.

"నూనెతో వేసినట్టుందిరా అబ్బాయ్."

"వెన్న అయిపోయింది, పెద్దమ్మా."

"ఇంట్లో ఆవులు పెట్టుకుని?"

"అవ్వ కనిపెట్టదులే," అన్నాడు కిర్గిలేయ్.

ముసలమ్మ కిటికీ వైపు తిరిగింది. కిటికీ మీద మంచు పేరుకుని అవతల ఏమీ కనిపించడం లేదు. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది.

దారికి రెండు వైపులా చిన్న చిన్న దేవదారు కొమ్మలు పాతి ఉంటాయి. లంక దగ్గర అవి ఒక మలుపు తిరుగుతాయి. మలుపు తర్వాత మంచు పరుపు ఎప్పటిలాగే తెల్లగా, నున్నగా ఉంది. దాని కింద మాత్రం రాత్రి ఎప్పుడో అవ్వ ఒళ్ళు విరుచుకుంది. లోపలి నీళ్ళు పగులులోంచి పైకి ఊరి, గట్టి మంచుకీ మెత్తటి మంచుకీ నడుమ చప్పుడు లేకుండా పరుచుకున్నాయి. ముందు చక్రాలు దాటాయి. వెనక చక్రాలు పైపొరను విరుచుకుని నీళ్ళలోకి జారాయి. రొట్టె ముందు కాళ్ళు చాపి వెనక కాళ్ళ మీద కూర్చున్న కుక్కలా కూర్చుంది. కింద గట్టి మంచు మనిషి ఎత్తు మందం ఉంటుంది కాబట్టి ఎవరికీ ప్రాణభయం లేదు. కానీ ముందుకూ లేదు, వెనక్కూ లేదు. ఇంజను మాత్రం ఏమీ జరగనట్టు నడుస్తోంది.

"ఏమైంది?" అంది ముసలమ్మ.

"అవ్వ కాసేపు కూర్చోమంటోంది," అన్నాడు కిర్గిలేయ్. నది మీద ఆ సంగతిని అలాగే చెప్పాలి.

"కూర్చోమనదూ మరి. నూనె అట్టు పెడితే."

ఆ దారిలో కూర్చున్న బండిని దాటి వెళ్ళిపోవడం అనేది లేదు. పెళ్ళికి పోతున్నా, ప్రసూతికి పోతున్నా ఆగాల్సిందే. మధ్యాహ్నం లోపల చాలా బండ్లు ఆగాయి. ఆగిన ప్రతివాడూ దిగి, చుట్టూ ఒకసారి నడిచి, టైరును కాలితో తన్ని, ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చి, తనకు తోచింది చేశాడు. ఒకడు లంక మీద నుంచి కంప కొట్టుకొచ్చి చక్రాల కింద తోశాడు. కంప తేలింది. ఇంకొకడు గునపంతో ముందువైపు మంచును ఏటవాలుగా చెక్కాడు. చెక్కిన పల్లంలోకి నీళ్ళు వచ్చి కూర్చున్నాయి. సైలెన్సరులోంచి వచ్చే వేడిగాలి నేరుగా ఆ మడుగు మీదకే కొడుతోందని ఒక లారీ డ్రైవరు కనిపెట్టాడు. అతని బండిలో కొత్త పొగగొట్టం రేకు ఉంది. దాన్ని సైలెన్సరుకు తొడిగి పక్కకు తిప్పారు. మడుగు అలాగే ఉంది. పక్కన ఇంకో మడుగు తయారైంది.

గునపాలు దించి అందరూ నిలబడ్డారు. ప్రతివాడి చూపూ మొదట ఇంజను మీద వాలి, కాసేపు అక్కడ ఉండి, తర్వాత ఆకాశం వైపు వెళ్ళేది. ఆకాశంలో చూడ్డానికి ఏమీ లేదు. అయినా అందరూ చూశారు.

చేయవలసింది ఏమిటో అక్కడ పుట్టిన పసివాడికి కూడా తెలుసు. ఇంజను ఆపాలి. ఆపితే ఆ ఇనుమంతా చల్లబడుతుంది. ఒక్క రాత్రి చలికి అప్పగిస్తే నీళ్ళు రాయి అవుతాయి. రాయిని చెక్కి చక్రాలకు దారి చేయొచ్చు. ఇంజను నడిచినంతసేపూ నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి, బండి తన పొట్ట వేడితో తన గొయ్యి తానే తవ్వుకుంటూ ఉంటుంది. ఇదంతా తెలిసీ ఎవరూ నోరు తెరవలేదు. కిర్గిలేయ్‌తో ఇంజను ఆపమనడమంటే తాళికట్టే వేళ తుమ్మడం లాంటిది. పైగా స్టార్టరు సంగతి అందరికీ తెలుసు. ఆ సంగతి అందరికీ చెప్పింది కిర్గిలేయే, నవ్వుతూ, గొప్పగా.

మధ్యాహ్నం దాటాక మెహేలె బాయిలరు బొగ్గులారీ వేసుకుని వచ్చాడు. నీళ్ళు ఊరిన చోటికి బరువైన లారీ దగ్గరగా రాలేదు కాబట్టి దూరంగా, దేవదారు కొమ్మల దగ్గర ఆపి, మోకు విసిరాడు. లారీ లాగింది. రొట్టె జానెడు కదిలింది. మంచు అంచు తడికి మెత్తబడి విరిగిపోయింది. రొట్టె వెనక్కి జారి మొదటికంటే హాయిగా కూర్చుంది.

మెహేలె మోకు విప్పి చుట్టుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"బావా," అన్నాడు.

"ఊఁ."

మెహేలె ఆకాశం వైపు చూశాడు. "అక్కని తీసుకొస్తా," అన్నాడు.

ముసలమ్మ పొద్దుటి నుంచీ బండి దిగలేదు. సంతలో దిగడానికి ఎక్కింది కాబట్టి సంతలోనే దిగుతానంది. లోపల హీటరు ఉంది. ఆమెకు ఇబ్బందేమీ లేదు. మధ్యమధ్య తలుపు కొంచెం తెరిచి, బయట వాళ్ళను మెల్లిగా మాట్లాడమని చెప్పి, మూసుకుంటోంది.

మెహేలె వెళ్ళాక కిర్గిలేయ్ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఇంజను వణుకు సీటులోంచి వీపులోకి, వీపులోంచి దవడలోకి వస్తోంది. ఆ వణుకు లేకుండా చలికాలంలో తను ఎప్పుడు కూర్చున్నాడో గుర్తు తెచ్చుకోబోయాడు. ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు కూడా గోడలోంచి, బల్లలోంచి, గిన్నెలోని చారు మీద సన్నటి వలయాలుగా అది వస్తూనే ఉంటుంది. చేతికున్న సగం వేళ్ళు స్టీరింగు మీద పెట్టాడు. ఆ వేళ్ళ చివర్లకు స్పర్శ లేదు గానీ వణుకు మాత్రం తెలుస్తుంది. అది ఆగిపోయాక అవి ఉన్నట్టు తనకు ఎలా తెలుస్తుందో అతనికి అర్థం కాలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పుకునేది కూడా కాదు.

ముసలమ్మ గోనె సర్దుకుంది. "మీ నాన్న గుర్రాన్ని రాత్రికి విప్పేవాడు," అంది.

"గుర్రం పొద్దున్న తనే లేస్తుంది, పెద్దమ్మా."

ముసలమ్మ ఆలోచించింది. "అన్నీ లేవవు," అంది. ధైర్యం చెబుదామని అనుకుని ఉంటుంది.

లారీ తిరిగి వచ్చేసరికి సూర్యుడు చేయడానికి పనేమీ లేనివాడిలా కొండ వెనక్కి దిగిపోతున్నాడు. మంచంతా నీలంగా మారింది. ఒగ్దో దిగింది. చేతిలో గుడ్డ కప్పిన గిన్నె. ముందు ఎవరినీ పలకరించకుండా దారి పక్కకు వెళ్ళి, వంగి, అరువు వెన్నతో వేసిన అట్లు ఒక్కొక్కటిగా మంచు మీద పరిచింది. నిలువునా లేచి నోట్లో ఏదో అనుకుంది. తర్వాత వచ్చి, కంప చూసింది, పొగగొట్టం రేకు చూసింది, రెండు మడుగులూ చూసింది. ఇంజను వైపు చూసింది. ఆకాశం వైపు చూడలేదు.

"ఆపు," అంది.

మెహేలె చేతిలోని మోకు ముడి విప్పి, మళ్ళీ అదే ముడి వేశాడు.

"ఆపితే లేవదు," అన్నాడు కిర్గిలేయ్.

"ఆపకపోతే లేస్తుందా? పొద్దుటి నుంచి కిందికే కదా పోతోంది."

"లేవకపోతే?"

"లేవకపోతే మా తమ్ముడి దగ్గర బొగ్గు ఎత్తుతావు. సాయంత్రానికి ఇంటికొస్తావు. ఇంకేమవుతుంది?"

మెహేలె ఏదో అనబోయాడు. ఒగ్దో అతని వైపు ఒక చూపు చూసింది. అతను మళ్ళీ మోకు ముడి పట్టుకున్నాడు.

"ఒగ్దో," అన్నాడు కిర్గిలేయ్. తర్వాత మాట వెతుక్కున్నాడు. "నాకు అది... అది ఆగిందంటే..."

"తెలుసు," అంది ఒగ్దో. "నేను ఇక్కడే నిలబడతా. నడిచి వెళ్ళేది లేదు. లారీ ఉంది, నేనున్నా, వీడున్నాడు. నువ్వు ఆపు."

కిర్గిలేయ్ సీట్లో సర్దుకుని తాళంచెవి పట్టుకున్నాడు. దాన్ని ఏ వైపు తిప్పాలో అతనికి ఒక్క క్షణం గుర్తు రాలేదు. తర్వాత గుర్తొచ్చింది.

ఇంజను రెండుసార్లు ఊగి ఆగింది.

మొదట ఏమీ వినిపించలేదు. అలా వినిపించకపోవడం ఎంత పెద్దదంటే, అటు లంక దాకా, ఇటు ఒడ్డు దాకా, పైన నల్లబడుతున్న ఆకాశం దాకా అది ఒక్కటే ఉంది. లోపల ఎక్కడో ఇనుము టిక్కుమంటూ ముడుచుకుంటోంది. కిర్గిలేయ్ బండి దిగి, మంచు మీద నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కన వేలాడేశాడు. అప్పుడు అతనికి ఒక చప్పుడు వినిపించింది. చెవి పక్కనే, సన్నగా, ఎవరో ఎండుగడ్డిని మెల్లగా చేత్తో నిమురుతున్నట్టు. ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. అతను తల తిప్పాడు. చప్పుడూ అతనితో పాటే తిరిగింది.

"ఏమిటది?" అన్నాడు.

"ఏది?"

"ఆ గలగల."

ఒగ్దో చెవి ఒగ్గింది. "నీ ఊపిరే," అంది. "గాల్లోనే గడ్డకట్టి రాలుతోంది. నాదీ అంతే, విను."

అతను విన్నాడు. ఆమెది కొంచెం పొట్టిగా, తొందరగా ఉంది. చిన్నప్పుడు నాన్నతో గుర్రం మీద అడవికి వెళ్ళినప్పుడు ఆ చప్పుడు విన్నట్టు లీలగా ఉంది. చలి బాగా ముదిరితేనే అది వినిపిస్తుంది. ఏటా చలి ముదురుతూనే ఉంది. ఏటా అది అతని మొహం ముందే రాలుతూ ఉండి ఉంటుంది.

"రోజూ ఉంటుందా ఇది?"

"పాలు పితకడానికి వెళ్ళేటప్పుడు ఉంటుంది," అంది ఒగ్దో. "కొట్టం దగ్గరికి పోతే. కిటికీ దగ్గర నీ బండి మోతలో ఏం వినిపిస్తుంది?"

ఇంతలో హీటరు చల్లబడింది. ముసలమ్మ తలుపు తెరుచుకుని, ఎవరూ అడగకుండానే, గోనెతో సహా దిగి లారీలోకి ఎక్కింది. అది కూడా సంతకు వెళ్ళే బండేనా అని మెహేలెను అడిగింది. రేపు వెళ్తుందని అతను చెప్పాడు. అయితే ఇదీ అదే దారి కదా అని ఆమె సరిపెట్టుకుంది.

బ్యాటరీని మంచులో వదిలేయకూడదు. కిర్గిలేయ్ దాన్ని విప్పి, కోటులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. పొయ్యి పక్కన, కొత్త దూడ పడుకునే గడ్డి మీద, దూడకు అవతల దానికి చోటు చేశాడు. ఆ రాత్రి అతను నిద్రపోలేదు. ఒగ్దో నిద్రపోయింది. పొద్దున్న లేచి తనకు నిద్ర పట్టలేదని ఒగ్దోనే చెప్పింది. కిర్గిలేయ్ కాదనలేదు.

తెల్లారి వెళ్ళేసరికి మడుగులు రెండూ గాజులా గట్టిపడి ఉన్నాయి. చక్రాలు అందులో సగానికి బిగుసుకున్నాయి. లోపల కంప రెమ్మలు ఒక్కొక్కటీ విడివిడిగా, వేసవి నీళ్ళలో ఉన్నట్టే కనిపిస్తున్నాయి. వెన్న అట్లు పెట్టిన చోట ఏమీ లేవు. కాకులు తిన్నాయని మెహేలె అన్నాడు. కాకులు ఎవరి తరఫున తిన్నాయో ముసలమ్మ అతనికి చెప్పింది.

కిర్గిలేయ్, మెహేలె చెరో గునపం పట్టుకున్నారు. ఇలాంటి మంచును కొట్టకూడదు. కొడితే టైరు రబ్బరు కూడా గాజులా విరుగుతుంది. చక్రం చుట్టూ వేలెడు దూరం వదిలి, పై నుంచి కిందికి, పెచ్చులు పెచ్చులుగా గీరుకుంటూ పోవాలి. అడుగున తడి తగిలితే అక్కడ ఆపి, చలి మళ్ళీ దాన్ని గట్టిపరిచే దాకా టీ తాగాలి. అలా తాగుతూ, గీరుతూ, చక్రాల ముందు ఏటవాలుగా ఒక దారి తీశారు. ఒగ్దో పెచ్చుల్ని పారతో ఎత్తి పోసింది. దారి మీద పొయ్యి బూడిద చల్లింది. అటుగా వచ్చిన బండ్లు ఆగాయి. దిగినవాళ్ళు ఆగిన ఇంజను వైపు చూసి, టోపీ సర్దుకుని, మాట్లాడకుండా తలో గునపం వేశారు. ఒకతను మాత్రం మెహేలెను పక్కకు పిలిచి, ఎప్పుడు ఆపాడని మెల్లగా అడిగాడు. పోయినవాళ్ళ సంగతి అడిగినట్టు అడిగాడు.

లారీ లాగినప్పుడు ఈసారి మంచు విరగలేదు. రొట్టె కిర్రుమంటూ ఏటవాలు ఎక్కి, బూడిద మీదుగా, తడి లేని గట్టి మంచు మీదకు వచ్చి ఆగింది. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకా నది మీదే ఉన్నారు కదా.

బండి చుట్టూ నేల దాకా టార్పాలిన్ కప్పి, కింద మంటను ఊదే బ్లో ల్యాంపు వెలిగించి పెట్టారు. లోపల అది హోరుమంటూ మండుతుంటే ఆ గుడారం ఎవరో పెద్దమనిషి ఆవిరి పట్టుకుంటున్నట్టుగా ఉంది. ఇంజను ఆయిలు తారులా ఉన్నది మెల్లగా జావలా అయింది. కిర్గిలేయ్ బ్యాటరీ తెచ్చి బిగించాడు. బిగించిన బోల్టునే మళ్ళీ బిగించాడు. చలి అనుకోవడానికి వీలుంది కాబట్టి అందరూ అలాగే అనుకున్నారు.

స్టార్టరు లేదు కాబట్టి ఇక లారీ లాగుడుతోనే ఇంజనును తిప్పి లేపాలి. మెహేలె మోకు కట్టాడు. "బావా, నేను కదిలాక రెండో గేరులో క్లచ్ వదులు."

"నాకు చెప్తున్నావా?"

"మర్చిపోయి ఉంటావేమోనని. స్టార్టు చేసి చాలా కాలమైంది కదా."

లారీ కదిలింది. రొట్టె వెంట వచ్చింది. కిర్గిలేయ్ క్లచ్ వదిలాడు. వెనక చక్రాలు బిగుసుకుని జారాయి. ఇంజను లోపల ఏదో ఒకసారి తిరిగి, వద్దనుకుని ఆగింది. మళ్ళీ వదిలాడు. దగ్గింది. నల్లటి పొగ ఒక ముద్ద వదిలింది. లారీ దేవదారు కొమ్మల వెంట లాక్కుంటూ పోతూనే ఉంది. ఒగ్దో పార పట్టుకుని, కదలకుండా, చిన్నదైపోతున్న రొట్టెనే చూస్తోంది. మూడోసారి క్లచ్ వదిలినప్పుడు ఇంజను పట్టుకుంది. మొదట మూడు కాళ్ళ మీద కుంటుతున్నట్టు, తర్వాత నాలుగో కాలు కూడా మోపినట్టు, చివరికి ఎప్పటి గురకతో. కిర్గిలేయ్ వీపులోకీ దవడలోకీ ఆ వణుకు మళ్ళీ వచ్చింది. సగం వేళ్ళు స్టీరింగు మీద తమ చోట్లో తాము ఉన్నాయి.

రెండు బండ్లూ పెద్ద మలుపు తిరిగి వెనక్కి వచ్చాయి. మెహేలె దిగి మోకు విప్పుతూ, పర్లేదు అన్నాడు. అవ్వ మీద అంతకంటే మెచ్చుకోకూడదు. ముసలమ్మ తన గోనె తను మోసుకుంటూ వచ్చి నిన్నటి సీట్లో కూర్చుంది. హీటరు ఇంకా చల్లగానే ఉందని చెప్పింది. ఒగ్దో ఇంటికి వెళ్ళడానికి లారీ ఎక్కబోతోంది. ఆవు పాలు ఇంకా పితకలేదు.

కిర్గిలేయ్ సీట్లో కూర్చుని చాలాసేపు ఇంజను విన్నాడు. బాగానే ఉంది. వేడి చూపే ముల్లు లేచి తన చోటికి వచ్చింది. అన్నీ బాగానే ఉన్నాయి. తాళంచెవి ఏ వైపు తిప్పాలో ఈసారి వెతుక్కోలేదు.

మోత ఆగింది.

మెహేలె సగం చుట్టిన మోకుతో అలాగే నిలబడిపోయాడు. ఒగ్దో లారీ మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"ఏమైంది, బావా?"

"ఏం కాలేదు," అన్నాడు కిర్గిలేయ్, బండి దిగుతూ. "నేనే ఆపాను."

"ఎందుకు?"

"మళ్ళీ లేస్తుందో లేదో చూద్దామని."

మెహేలె అక్క వైపు చూశాడు. ఒగ్దో మెట్టు మీది కాలు తీసి మంచు మీద పెట్టింది. వచ్చి మొగుడి పక్కన నిలబడింది. ఇద్దరి మొహాల ముందూ ఊపిరి తెల్లగా లేచి, సన్నగా గలగలమంటూ రాలుతోంది. అటు లంక దాకా వేరే చప్పుడు లేదు. ముసలమ్మ తలుపు తెరిచి ఏదో అనబోయి, కాసేపు తల వంచి విని, తలుపు మెల్లగా దగ్గరికి వేసుకుంది.

మెహేలె కొంతసేపు చూశాడు. తర్వాత మోకు చుట్ట విప్పి, వంగి, రొట్టె ముందు కొక్కేనికి మళ్ళీ ముడి వేయడం మొదలుపెట్టాడు.